గాజులు తీసి లోపలికి రండి

రాజాంలో మా ఇంటి పక్కన కారు కోసం కట్టించిన షెడ్డులో కారు తప్ప అన్నీ ఉండేవి. మా ఆయన ధాన్యం వ్యాపారి. ఖాళీ గోనెసంచులు, తుప్పు పట్టిన పాత కాటా, కాళ్లు విరిగిన కుర్చీలు, ఎవరి పెళ్లికో వేసిన పందిరి కర్రలు, వాటి సందుల్లో ఎలుకలు, అప్పుడప్పుడూ ఒక తేలు. కారేమో వీధిలో ఎండకి ఎండి, వానకి తడిసేది. షెడ్డులో పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే ఆయన అమాయకంగా "సోటేదీ?" అనేవారు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన ఏడాది వచ్చిన తుఫానుకి పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. మా ఆయన వంటచెరుకు కింద అమ్మేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. కోతమిల్లుకి తోలించి పలకలు కోయించాను. లోపల పసుపుకొమ్ము విరిచినంత రంగు! ఆ పలకలు నీడలో ఆరాలి కాబట్టి షెడ్డులో ఒక మూల కావాలన్నాను. మూల దొరికాక ఒక బల్ల వేశాను. బల్ల ఉన్నాక రంపం కొనకుండా ఎలా? రంపం తర్వాత ఉలి, చిత్రిక, సుత్తి, మూలమట్టం. ఆపైన డ్రిల్లు మిషను, ఇనుము కోసే గ్రైండరు. పాత సామాను ఒక్కొక్కటే వీధి దారి పట్టింది. గోనెసంచులు కొట్లోకి వెళ్లాయి. సామ్రాజ్యాలు ఎలా ఏర్పడతాయో పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. నాకు పద్ధతి తెలుసు.

ఆ షెడ్డులో నేను చేసిన మొదటి పని వస్తువు తయారు చేయడం కాదు, వెలుతురు తేవడం. లోపల నడినెత్తిన ఒకే ఒక బల్బు ఉండేది. బల్ల గోడ వారన ఉండటంతో వెలుగు నా వీపు మీద పడేది, నా నీడ నా పని మీద పడేది. నా తలకాయే నాకు అడ్డం. ఉలి ఎక్కడ దిగుతోందో చూడటానికి వంగితే, వంగినకొద్దీ చీకటి. ఈ ఊళ్లలో సగం షెడ్లు ఇలాగే ఉన్నాయి. ఉపాయం చాలా చిన్నది. దీపం మనిషి వెనక కాదు, మనిషికి ముందు, బల్ల పైన ఉండాలి. ఒకటి కాదు, రెండు ఉండాలి, ఎడాపెడా. అప్పుడు ఒక దీపం వేసిన నీడని రెండోది చెరిపేస్తుంది. సన్నపని కోసం మెడ వంగే చిన్న దీపం ఎడమచేతి వైపు పెట్టుకున్నాను, నాది కుడిచేతి వాటం కాబట్టి. గోడలకి తెల్ల సున్నం వేయించాను. అదే వెలుగు రెట్టింపయినట్టయింది. నేల మీద పడ్డ మరమేకు కనిపించింది. తేళ్లు తమంతట తామే వేరే ఇల్లు చూసుకున్నాయి.

దీపాల్లో ఒక మోసం కూడా ఉంది, తెలుసుకోవాలి. పాత ట్యూబులైటు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది. నాసిరకం కొత్త దీపాలూ అంతే. చక్రం తిరిగే వేగం ఆ మిణుకుతో కలిసిందంటే, తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనిపిస్తుంది. అందుకని యంత్రం ఆగిందా లేదా అన్నది కన్ను ఒక్కదాన్నే నమ్మి తేల్చకూడదు. చెవితో వినాలి, ప్లగ్గు తీసి మరీ ముట్టుకోవాలి. మాయ అంటూ గంటలు గంటలు ప్రవచనాలు చెప్పేవాళ్లని చాలామందిని విన్నాను. వేలు తెగకుండా కాపాడిన మాయావాదం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక కిటికీ. షెడ్డు ప్లానులో నైరుతి వైపు ఒక కిటికీ ఉంది. వాస్తు చూసినాయన దాన్ని ఇటుకలతో మూయించాడు. నైరుతిలో కిటికీ ఉంటే ఇంటి యజమాని ఆయుష్షుకి మంచిది కాదట. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చక్కటి వెలుతురు, కొద్దిగా గాలి, రంగుల కంపు బయటకి పోయే దారి, అన్నిటికీ కలిపి ఒక గోడ. నేను మేస్త్రిని పిలిచి ఆ ఇటుకలు తీయించాను. అప్పుడు మొదలైంది మా వదినతో యుద్ధం.

వదిన అంటే మా ఆయన అప్పగారు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది. మా పక్క వాటాలోనే ఉంటుంది. ఇంట్లో ఏ విషయమైనా ఆవిడ మాటతోనే తేలుతుంది. నాకూ ఆవిడకీ పెళ్లయిన నాటి నుంచీ వాదనలే, కానీ ఒకరు చేసిన కూర ఇంకొకరికి పంపకుండా ఏ పూటా గడవదు. నేను విజయనగరంలో వాదనల మధ్య పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న అన్నం దగ్గర ఒక విషయం ఇచ్చి, అందరిచేతా అటూ ఇటూ మాట్లాడించి గాని పెరుగు వేయనిచ్చేవాడు కాదు. వదినకి ఆ చదువు లేదు. అయినా ఎప్పుడూ ఆవిడదే పైచెయ్యి, ఎందుకంటే నవ్వించేస్తుంది.

కిటికీ సంగతి ఆవిడ ఎలాగో ఓర్చుకుంది. కరెంటు పని చేయించినప్పుడూ ఊరికే చూసింది. ఆ పని గురించి ఒక మాట చెప్పాలి. మా షెడ్డులో ప్లగ్గు లేకుండా రెండు తీగలు సాకెట్టులో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చే ఆచారం ఉండేది. మూడు కాళ్ల ప్లగ్గు కొంటే పైన లావుగా ఉన్న మూడో కాలు విరగ్గొట్టి వాడేవారు. ఆ మూడో కాలే మన ప్రాణం. మిషనులో తీగ వదులై పైతొడుగుకి కరెంటు తగిలితే, మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోయే దారి అది. నేను పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ పోయించి ఎర్తు వేయించాను. తేడా వస్తే టక్కున కరెంటు ఆపేసే ట్రిప్పరు పెట్టించాను. మెయిను స్విచ్చి షట్టరు పక్కనే, లోపలికి అడుగు పెట్టకుండానే చేతికందేలా ఉండాలని పట్టుబట్టాను. ఎండాకాలం ఎర్తు గొయ్యి తడి ఆరిపోకూడదు కాబట్టి రోజూ చెంబుతో నీళ్లు పోస్తుంటే, ఓ ఉదయం వదిన గోడ మీంచి తొంగి చూసింది.

"ఏటే, నువ్వు కూడా భూదేవికి పూజ మొదలెట్టినావేటి?"

"కరెంటుకి దారి వేస్తున్నాను వదినా."

"దారిలో రెండు పూలు కూడా ఎయ్యి. ఎల్లినోలు సంతోసిస్తారు."

ఇలా సరదాగానే నడిచేది, గాజుల సంగతి వచ్చేదాకా.

తిరిగే యంత్రం దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదు. ఇది ఒకరి అభిప్రాయం కాదు. వదులు చేతుల చొక్కా, చున్నీ, కొంగు, విరబోసిన జుట్టు, మెళ్లో పొడుగు గొలుసు, చేతికి గాజులు, ఉంగరాలు ఏవైనా సరే, డ్రిల్లుకి చిక్కాయంటే అది గుడ్డని చుట్టుకుని గుడ్డతో పాటు చేతిని కూడా లాక్కుంటుంది. డ్రిల్లు పట్టేటప్పుడు గుడ్డ గ్లవ్సు కూడా వద్దనేది అందుకే. నేను షెడ్డులోకి వెళ్లే ముందు మా ఆయన పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, జుట్టు ముడి వేసి, గాజులూ పుస్తెలతాడూ తీసి గుమ్మం దగ్గర మేకుకి తగిలించేదాన్ని. పని అయ్యాక వేసుకునేదాన్ని. ఆడవాళ్లు మిషన్ల జోలికి పోరు అని లోకం అంటుంది. పోకుండా వాళ్ల ఒంటికి ఎన్ని తగిలించి పంపిందో ఎవరూ అనరు.

మొదటిసారి ఆ అవతారంలో చూసినప్పుడు వదిన చేతిలో వడియాల తట్ట ఉంది.

"ఒసే మరదలా, సేతులకి గాజులేవే?"

"మేకుకి తగిలించాను వదినా."

"మేకు కట్టుకున్నాదేటే నా తమ్ముణ్ణి?"

"వేసుకుని వెళ్తే డ్రిల్లు మిషను నన్ను కట్టుకునేలా ఉంది."

ఎప్పుడూ నవ్వే మనిషి ఆరోజు నవ్వలేదు. "ముత్తైదువ్వి. అలగ తియ్యకూడదు" అని మాత్రం అని తట్ట పట్టుకుని వెళ్లిపోయింది. తరవాత నేను షెడ్డులో ఉన్నంతసేపూ అటు రావడం మానేసింది.

అంతటితో పోయేదే. కానీ వినాయక చవితి వెళ్లాక ఓ రోజు మా ఆయన ఇనపబద్ద ఒకటి కోసుకుంటానని గ్రైండరు తీశారు. సగం కోశాక కరెంటు పోయింది. మా వైపు కరెంటు పోవడం వింత కాదు కదా! ఆయన మిషను బల్ల మీద పెట్టి, ఎవరో పిలిస్తే కొట్లోకి వెళ్లిపోయారు. గ్రైండరుకి నొక్కి ఉంచే మీట ఒకటుంటుంది. వేలు తీసినా ఆగకుండా తిరుగుతూనే ఉండేలా. అది నొక్కే ఉంది.

నేను వంటింట్లో ఉన్నాను. షెడ్డులో ఎవరూ లేరని వదిన మూల పెట్టిన తన చేట కోసం లోపలికి వెళ్లింది. అప్పుడు కరెంటు వచ్చింది.

మనిషి చెయ్యి వెయ్యకుండానే గ్రైండరు రంకె వేసింది. బల్ల మీద పాకింది. పాకి పాకి అంచు దాకా వచ్చి కిందకి దూకింది. దూకి, చెక్కపొట్టు పడటానికి కింద పరిచిన గోనెసంచిని పట్టుకుని చీల్చి, చుట్టుకుని, నేల మీద గిరగిరా తిరిగింది. వదిన కేక విని నేను పరిగెత్తి షట్టరు పక్కన స్విచ్చి కొట్టాను. ఆ స్విచ్చి లోపలెక్కడో ఉండి ఉంటే ఆ మిషను దాటి వెళ్లాల్సి వచ్చేది.

వదినకి దెబ్బ తగల్లేదు. మెట్టు మీద చతికిలబడి, చేటతో విసురుకుంటూ మిషను వంక చూపించింది.

"మనిసి నేకుండా మిషను తిరిగినాదే. ఎవులే తిప్పినారు దాన్ని?"

ఈలోగా మా ఆయన పరిగెత్తుకొచ్చారు. సంగతి విని బుర్ర గోక్కున్నారు. "అప్పా, సిచ్చి నానే ఆపనేదు. మరిసిపోనాను."

"ఏనాడూ మరవనోడివి ఈనాడే ఎందుకు మరిసిపోనావురా? దానికీ ఓ కారణముంటాది. కిటికీ తీయొద్దన్నారు, తీసినాది. గాజులు తీయొద్దన్నాను, తీసినాది. ఇనుము రగతం కోరతన్నాది."

నా వాదనల బతుకులో ఇంతకన్నా గట్టి గోడ ఎప్పుడూ తగల్లేదు. మరిచిపోయాడు అంటే, మరిపించింది ఎవరు అంటుంది. జరిగింది దానికి రుజువు. జరక్కపోయి ఉంటే మొక్కు ఫలించినందుకు రుజువు. ఏం జరిగినా తప్పు కాని మాట నిజమైన మాట కాదు అని చెబుదామనుకున్నాను. కానీ మెట్టు మీంచి ఇంకా లేవని మనిషికి ముందు మంచినీళ్లు తెచ్చిచ్చాను. చెప్పలేదు.

సాయంత్రానికి వదిన తమ్ముణ్ణి పిలిచి తీర్పు ఇచ్చింది. "దసరా ఎల్లగానే ఆ పలకలు, మిషన్లు తీయించీ. కొత్త ధాన్యం వస్తాది. బస్తాలకి సోటు గావాల." మా ఆయన నా వంక చూడకుండా తలూపారు. దసరా ఎంతో దూరంలో లేదు. రిటైరయ్యాక నాకు దొరికిన ఒకే ఒక్క రాజ్యం, ఉదయం లేవగానే కాళ్లు తమంతట తాము నడిచి వెళ్లే చోటు, గోనెసంచుల పాలు కాబోతోంది.

మర్నాడు వదిన వంటింటికి వెళ్లాను. ఆవిడ కొబ్బరిపచ్చడికి మిక్సీలో అన్నీ వేసి పెట్టుకుంది, కరెంటు కోసం చూస్తోంది. నేను మిక్సీ స్విచ్చి వేశాను.

"కరెంటు నేదు కదే. ఎందుకేస్తావు?"

"వేసి ఉండనీయండి. అవతలికి వచ్చి కూర్చుందాం."

ఇద్దరం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకుంటున్నాం. కాసేపటికి కరెంటు వచ్చింది. వంటింట్లో మిక్సీ ఒక్క అరుపు అరిచింది. వదిన "ఓలమ్మో నా పచ్చడీ!" అని లేచింది. వెళ్లి చూస్తే మూత ఎగిరిపోయి పచ్చడి గోడకి, పొయ్యికి, క్యాలెండరు మీద దేవుడికి, అందరికీ సమంగా పంచి పెట్టబడి ఉంది. మూత గట్టిగా పెట్టి ఉందో లేదో నేను చూసుకోలేదు. ప్రయోగం అనుకున్నదానికన్నా బాగా జరిగింది.

"ఎవరు తిప్పారు వదినా దీన్ని?"

వదిన క్యాలెండరు వంక చూసింది, నా వంక చూసింది. ఇక ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూ గట్టు మీద కూలబడింది. "నీ అసాధ్యం కూలా! ఓ మాట సెప్తే సాలదేటే? పచ్చడంతా తగలెట్టాలా?"

"కరెంటు పోతే ముందు స్విచ్చి ఆపాలి. ఆ తరవాతే ఏ పనైనా. మిషనైనా, మిక్సీ అయినా."

"సరేలే. సిచ్చి సంగతి ఒప్పుకున్నాను." ఆవిడ నవ్వు ఆగింది. తడిగుడ్డ తీసుకుని గోడ తుడవడం మొదలుపెట్టింది. "గాజుల సంగతి ఒప్పుకోను."

"ఎందుకు వదినా?"

గుడ్డ పిండి మళ్లీ గోడకేసి రుద్దింది. తరవాత నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"నా సేతులు నలుగురట్టుకొని గాజులు సితక్కొట్టినారు. ఎర్ర గాజులు. పెంకు గుచ్చుకొని రగతం కారినా ఎవులూ ఆగనేదు. నువ్వేటో రోజూ తీసి మేకుకి తగిలిస్తావు. పాటలు పాడుకుంటా తీస్తావు. అటు సూడనేకే ఆ షెడ్డు కాసి రావడం మానేసినాను."

కాలేజీ రోజుల్లో సరిగ్గా ఈ ఆచారం మీదే నేను వేదికలెక్కి మాట్లాడాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ వంటింట్లో ఆ ఉపన్యాసాల్లోంచి ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు. నేను ఇంకో గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచాను.

"తీయడం తప్పు కాదు వదినా," అన్నాను చివరికి. "ఇంకొకరు మన చెయ్యి పట్టుకుని తీయడం తప్పు. అది దౌర్జన్యం. దాన్ని చేసినవాళ్లని నేను ఇవాళ్టికీ క్షమించను. నేను మళ్లీ వేసుకోవాలనిపిస్తే వేసుకుంటాను, తీయాలనిపిస్తే తీస్తాను. నా చెయ్యి నాది. మీ చెయ్యి మీది."

ఆవిడ క్యాలెండరు దగ్గరికి జరిగింది. దేవుడి మొహం మీద పచ్చడి జాగ్రత్తగా తుడిచింది.

దసరాకి అందరి ఇళ్లలో వంటలు ఎక్కువ. మా వదిన నవమి వంటకి కంద, గుమ్మడి, ఆనప అన్నీ తనే తరుగుతుంది, అదీ కత్తిపీట మీదే. చాకు పట్టదు. ఆ కత్తిపీటకి చెదలు తగిలి, పీట డొల్లయి, కత్తి ఊగిపోతోందట. వడ్రంగి పండగ వెళ్లాక గాని రానన్నాడట. పండగ హడావుడిలో ఓ మధ్యాహ్నం నేను బల్ల మీద పలక చిత్రిక పడుతుంటే షట్టరు దగ్గర నీడ పడింది. వదిన. చేతిలో కత్తిపీట. గుమ్మం అవతలే నిలబడింది.

"లోనికి రావాలంటే ఏటేటి తియ్యాలో సెప్పు."

"గాజులు, ఉంగరాలు, మెళ్లో గొలుసు. కొంగు బిగించి దోపుకోవాలి. జుట్టు ముడి."

ఆవిడ తన రెండు చేతులూ చాచి, తిప్పి తిప్పి చూసుకుంది. మెడ తడుముకుంది. ఆ తరవాత ఆవిడ మొహంలో ఒక అల్లరి వచ్చింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నీ రూలుకి తగ్గ మనిసి ఈ వీధంతటికీ నానొక్కదాన్నే కదే!"

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. కానీ ఆవిడ ఎంత నవ్విందంటే కత్తిపీట కింద పెట్టి, షట్టరు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇక నేనూ నవ్వాను. కొంగు నడుం చుట్టూ బిగించి లోపలికి వచ్చింది.

ముందు కత్తిని ఊడదీసి, పదును వైపు దళసరి గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. ఏ పని మొదలుపెట్టినా, కోసే వస్తువు ముందు నోరు మూసుకోవాలి. పాత పీట కొలతలు పనస పలక మీద గీశాను. పలకని క్లాంపులతో బల్లకి బిగించి, చేతి రంపంతోనే కోశాం. పలక కదలకుండా కాలితో తొక్కి కోసేవాళ్లని చూశాను. ఇనుము కోసే గ్రైండరుకి చక్రం మార్చి, పళ్ల చక్రం బిగించి, పైన రక్షణ తొడుగు కూడా ఊడదీసి చెక్క కోసేవాళ్లనీ చూశాను. పని తొందరగానే అవుతుంది, చెయ్యి మిగిలితే. పది పనిముట్లు అవసరం లేదు. ఒక మంచి రంపం, రెండు పదునైన ఉలులు, రెండు క్లాంపులు చాలు. మొద్దు ఉలి మంచిది, తెగదు అనుకుంటారు. మొద్దు ఉలిని బలంగా తోయాలి. బలంగా తోసింది జారుతుంది. జారిందే తెగ్గోస్తుంది.

కత్తి దిగడానికి సందు తొలిచే ముందు వరసగా బెజ్జాలు వేయాలి. డ్రిల్లు తీశాను.

"అది నానెడతాను," అంది వదిన.

పొట్టు ఎగిరి కంట్లో పడకుండా ఆవిడ కళ్లజోడు మీద ఇంకో పెద్ద కళ్లద్దాలు తొడిగాను. పలక కింద పనికిరాని చెక్క ఒకటి పెట్టాను, బెజ్జం అవతలి వైపు చీలిపోకుండా. మొదటిసారి మీట నొక్కగానే ఉలిక్కిపడి వదిలేసింది. రెండోసారి పళ్లు బిగించి నొక్కింది. పసుపు పొట్టు ఉండలు ఉండలుగా పైకి వచ్చింది. బెజ్జం పడ్డాక మిషను ఆపి, ఆగిందో లేదో నా వంక చూసి, చెవి పెట్టి విని, అప్పుడు పక్కన పెట్టింది. ఒంగి ఆ బెజ్జంలోంచి అవతలికి చూసింది.

"ఓలె, నానెట్టిన బెజ్జమే!"

మిగతా బెజ్జాలన్నీ ఆవిడే పెట్టింది. నన్ను ముట్టనివ్వలేదు. "నువ్వు దీపం పట్టు" అంది. దీపం పట్టాల్సిన అవసరం లేదు, సాయంత్రపు వెలుగు గది నిండా ఉంది. "ఏటే ఇంత బాగా కనబడతన్నాది? నా కంటికి సూది బెజ్జం కూడా అగపడీలా ఉన్నాది" అని మురిసిపోయింది. ఆ వెలుగు నైరుతి కిటికీలోంచి వస్తోందని నేను చెప్పలేదు. ప్రతి వాదనా గెలవక్కర్లేదు.

నవమినాడు ఆయుధపూజ. కొట్లో కాటాకి, తూకపురాళ్లకి, కారుకి అందరూ పూజ చేస్తారు. నేను చెయ్యను, చేస్తే అడ్డుపడను. కానీ షెడ్డులో థిన్నరు డబ్బా, చెక్కపొట్టు, నూనెగుడ్డలు ఉన్నాయి. వీటి మధ్య దీపం పెట్టనిచ్చేది లేదని ఉదయం నుంచే మాటలు కూడగట్టుకుని షట్టరు దగ్గర నిలబడ్డాను. వదిన పళ్లెంతో వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి గాలి పీల్చింది.

"ఏటా కంపు?"

"థిన్నరు వదినా. నిప్పు సోకితే..."

"తెల్సులేవే. నాకు ముక్కు నేదేటి?" దీపం మెట్టు కింద, బయటే పెట్టింది. నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ తీసుకుని గ్రైండరు దాకా వెళ్లింది. దాని చుట్టూ ఒకసారి చూసింది. వెనక్కి వచ్చి షట్టరు కొక్కేనికి కట్టింది. "దానికి కడితే దారం సుట్టుకుంటాది కాదేటి" అని తనలో తనే అనుకుంది. మిషన్లన్నిటికీ బొట్లు పెట్టింది, స్విచ్చిబోర్డుకి తప్ప. పసుపునీళ్లు చల్లబోయి, చెంబు వెనక్కి తీసుకుంది. నేను కూడగట్టుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

ఆరోజు పనిముట్లని వాడకూడదన్నది ఆచారం. ఇనుము అలిసిపోదని నా నమ్మకం. అయినా ఆ ఒక్క రోజూ మిషన్లన్నీ ఆగి ఉంటాయి కాబట్టి, తీగల మీద పగుళ్లు, వదులైన మరలు, అరిగిన చక్రాలు వెతికి, ఉలులకి సానపట్టి నూనె రాసి పెట్టుకోవడానికి అంతకన్నా మంచి రోజు లేదు. నేను చూస్తుంటే వదిన బొట్టు పెట్టిన ప్రతిదాన్నీ పట్టుకుని ఊపి చూస్తోంది. ఒక క్లాంపు పిడి వదులుగా ఉందని కనిపెట్టింది కూడా.

పండగ వెళ్లిపోయింది. తీర్పు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. మా ఆయన మాత్రం అప్ప చెప్పిన మాట మరిచేవారు కాదు. దశమి వెళ్లిన నాలుగైదు రోజులకి, ఓ ఉదయం ఆటో నిండా గోనెసంచుల కట్టలతో, ఇద్దరు కూలీలతో వచ్చి షట్టరు ముందు ఆగారు.

లోపల వదిన ఉంది. పక్కింటావిడకి పీట కావాలందట, ఎదురింటావిడకి పప్పుగుత్తి పిడి విరిగిందట. పెద్ద కళ్లద్దాలు, ముక్కుకి గుడ్డ, నడుం చుట్టూ బిగించిన కొంగు. గరుకుకాగితంతో పలక అంచు రుద్దుతోంది. జుట్టంతా పసుపుపొట్టు. పక్కన సానపడుతున్న నేను రాయి మీంచి ఉలి ఎత్తి, అలాగే పట్టుకుని ఉండిపోయాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "అప్పా, సంచులు తెచ్చినాను. దసరా ఎల్లగానే అన్నావు కదా. ఎక్కడెయ్యమంటావు?"

వదిన తలెత్తలేదు. "కాళ్లకి సెప్పులున్నాయేటి?"

ఆయన కిందకి చూసుకున్నారు. "నేవు."

"ఇక్కడ మేకులున్నాయి, మొలలున్నాయి. సెప్పుల్లేకండా లోనికి అడుగెట్టకు. సేతికి ఆ ఉంగరాలేటి, ఆ కడియమేటి? మెళ్లో గొలుసొకటి! తీస్తే రా."

"నాను పనికి రానేదప్పా. సంచులు..."

"సంచులు పక్కగుమ్మాన అరుగు మీదెయ్యించుకో, టార్పాలిన్ కప్పుకో. ఇక్కడ పనవుతన్నాది." అంచు మీద వేలితో తడిమి చూసి, సరిపోలేదని మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. "నిలబడ్డావేటిరా? ఎలుతురికి అడ్డం తప్పుకో."

ఆయన తప్పుకున్నారు. ఆటో వెనక్కి తిరిగింది. కూలీలు అరుగు మీద కట్టలు దించుతున్న చప్పుడు గోడ అవతల నుంచి దబ్ దబ్ మని వినిపిస్తుంటే, నేను ఉలిని మళ్లీ రాయి మీద ఆనించాను.